కపోయిరాలో చేరారా... కాస్త చదవండి కూడా!

తరగతిలో చేరి నెల దాటింది. తొడలు పట్టేస్తున్నాయి, మణికట్లు నొప్పి పెడుతున్నాయి. ‘ఇంతకీ అది డ్యాన్సా, కొట్లాటా?’ అని ఇంట్లో అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. గురువేమో కాళ్లు ఆడిస్తే చాలదు, చప్పట్లు కొట్టాలి, అర్థం కాని పోర్చుగీసు పాటకు వంత పాడాలి అంటున్నారు. రాత్రి ఫోన్ తెరిస్తే గాల్లో పల్టీలు కొట్టే బ్రెజిల్ కుర్రాళ్ల వీడియోలు వరసకట్టి వస్తాయి. మర్నాడు డాబా మీదో, హాల్లో సోఫా పక్కకు జరిపి టైల్స్ మీదో మీరూ ఓసారి ప్రయత్నిస్తారు. చిక్కు అక్కడే వస్తుంది.

వీడియో చూపించేది ఎన్నో ఏళ్ల సాధన తర్వాత వచ్చిన ఒక్క క్షణం. దానికి ముందు ఏం జరిగిందో, ఎదుటి ఆటగాడు ఏం ఎర వేశాడో, పాట వేగం ఎందుకు మారిందో అది చెప్పదు. పుస్తకం చెబుతుంది. ఒక్క తన్ను కూడా నేర్పలేకపోయినా, తరగతిలో దేన్ని గమనించాలో మాత్రం పుస్తకం నేర్పుతుంది. కపోయిరా లాంటి విద్యలో అదేమీ చిన్న సాయం కాదు. ముంబయి, బెంగళూరు లాంటి నగరాల్లో ఈ తరగతులు నడుస్తున్నాయి. అమెరికా, ఐరోపాల్లో చదువుకునే మన పిల్లలకు యూనివర్సిటీ క్లబ్బుల్లోనూ కపోయిరా తారసపడుతుంది. మీరు చేరినా, మీ అమ్మాయినో అబ్బాయినో చేర్పించినా, ఏ పుస్తకం ఎప్పుడు చదివితే ఉపయోగమో చూద్దాం. దాదాపు అన్నీ ఇంగ్లిషులో దొరికేవే.

హోదా, మేస్త్రి

ముందుగా రెండు మాటలు. కపోయిరా ఆడేవాళ్ల చుట్టూ మిగతావాళ్లు వలయంగా నిలబడి పాడుతూ చప్పట్లు కొడతారు. ఆ వలయాన్ని ‘రోడా’ అని రాస్తారు. కానీ బ్రెజిల్‌లో చాలాచోట్ల మాట మొదట్లో వచ్చే ‘ర’ను ‘హ’లా పలుకుతారు కాబట్టి మీ చెవికి ‘హోదా’ అనే వినిపిస్తుంది. మన హోదాతో దానికి సంబంధం లేదు, చక్రం అని అర్థం. గురువును మాత్రం ‘మెస్త్రి’ అంటారు. ఆయన మనకు చుట్టమే! ఇల్లు కట్టే మన మేస్త్రి కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే, బొత్తాంలాగా, ఇస్త్రీలాగా.

ఇక అమ్మ ప్రశ్నకు జవాబు: అది ఆట. బ్రెజిల్‌లో కపోయిరా ‘ఆడతాం’ అంటారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లలూ ఆ దేశంలో పెంచిన విద్య ఇది. అమెరికా ఖండాల్లో బానిసత్వాన్ని అందరికంటే చివర రద్దు చేసిన దేశం బ్రెజిల్. అదీ 1888 మే 13న. రెండేళ్లు తిరిగేసరికి 1890 శిక్షాస్మృతి కపోయిరాను నేరంగా ప్రకటించింది. అదే ఆట వలయాన్ని 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మధ్యలో ఏం జరిగిందన్నది తెలియాలంటే ఇద్దరు మేస్త్రీల గురించి చదవాలి. వాళ్ల దగ్గరకు కాసేపట్లో వద్దాం.

మొదటి పుస్తకం

కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చెప్పేది ‘ద లిటిల్ కపోయిరా బుక్’. రాసింది నెస్టర్ కపోయిరా. అవును, ఆట పేరే ఆయన పేరుగా మారిపోయింది. 1981లో పోర్చుగీసులో వచ్చింది, 1995లో ఇంగ్లిషులోకి మారింది. చరిత్ర, ఆట తీరు, సంగీతం, బొమ్మలతో కదలికలు... అన్నీ కొంచెం కొంచెంగా ఉంటాయి. అనుభవం ఉన్న ఆటగాడు పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు ఉంటుంది రాత.

దీన్ని చాలామంది వెనకనుంచి చదువుతారు. బొమ్మలున్న పేజీలు తెరిచి, బాణం గుర్తులు చూసుకుంటూ తన్నడం మొదలుపెడతారు. అలా చేయకండి. ముందు ఆట గురించి, ‘మలీసియా’ గురించి చెప్పిన భాగాలు చదవండి. మలీసియాను జిత్తులమారితనం అంటే తక్కువ చేసినట్టవుతుంది, చాకచక్యం అంటే సరిపోదు. ఎదుటివాడి ఉద్దేశం పసిగట్టడం, మన ఉద్దేశం దాచడం, ఎదుటి దెబ్బ పడేచోట మనం లేకుండా చూసుకోవడం... అన్నీ అందులోకే వస్తాయి. మన ఇళ్లలో ‘లౌక్యం’ అంటామే, దానికి దగ్గర.

ఇది తెలిశాక తరగతిలో ‘జింగా’ వేరేలా కనిపిస్తుంది. జింగా అంటే ఒక కాలు వెనక్కి వేస్తూ, మళ్లీ ముందుకు తెస్తూ, ఇటూ అటూ ఊగే ప్రాథమిక అడుగు. కొత్తవాళ్లకు విసుగు పుట్టించేది ఇదే. ఎప్పుడెప్పుడు పల్టీలకు పోదామా అని ఉంటుంది. కానీ దెబ్బ తప్పించుకునేదీ, తిరిగి దెబ్బ వేసేదీ ఈ ఊపులోంచే. జింగా కుదరకుండా పల్టీ నేర్చినవాడు పల్టీ అయ్యాక ఎక్కడ నిలబడాలో తెలియక తడబడతాడు, ఎదుటివాడి మడమకు అందేది అప్పుడే.

బొమ్మల పేజీలను తరగతి అయ్యాక తెరవండి. ఆ రోజు నేర్పిన కదలికను పుస్తకంలో వెతుక్కుని, మీ గురువు నేర్పినదానికీ బొమ్మకూ తేడా ఉంటే గురువు మాటే వినండి. ఒకే కదలికను ఒక్కో బృందం ఒక్కోలా చేస్తుంది, పేరు కూడా మారుతుంది.

మణికట్టు మాట వినండి

ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి జెరార్డ్ టేలర్ రాసిన ‘కపోయిరా కండిషనింగ్’ ఉంది. 2005లో వచ్చింది. కపోయిరా కదలికలనే వాడుకుంటూ బలం, చురుకుదనం, గుండె దమ్ము పెంచుకోవడం ఎలాగో చెబుతుంది. జిమ్‌కు వెళ్లే తీరిక లేనివాళ్లకు పనికొస్తుంది. కాకపోతే ఏ పుస్తకమైనా సగటు పాఠకుణ్ని దృష్టిలో పెట్టుకుని రాస్తుంది. మీ బీపీ, మీ మోకాలు దానికి తెలియవు. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

కపోయిరాలో అరచేతుల మీద బరువు పడటం ఎక్కువ. చేతులు నేలకానించి పక్కకు తిరిగే ‘అవూ’, నేలకు దగ్గరగా వాలే ‘నెగచీవా’, చేతులపై నిలబడే ‘బనానేయిరా’... అన్నీ మణికట్టును వెనక్కి వంచి భారం మోపేవే. రోజంతా కీబోర్డు ముందు కూర్చునే ఉద్యోగులకు ఆ కీలు అంత వంపుకు, అంత బరువుకు అలవాటుపడి ఉండదు. తొలి నెలల్లో మోకాళ్లు నేలకానించి, చేతుల మీద కొద్దికొద్దిగా బరువు మోపుతూ అలవాటు చేయాలి. వేళ్లు బాగా విప్పి, బరువు అరచేతి మడమ మీదే కాకుండా వేళ్లకూ పంచాలి.

పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. ఎదిగే వయసులో ఎముకల చివర మెత్తటి పెరుగుదల పలకలు ఉంటాయి. మణికట్టు దగ్గరి పలకపై పదే పదే భారం పడితే అది దెబ్బతినవచ్చు. జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల్లో వైద్యులకు బాగా తెలిసిన సమస్యే ఇది. మణికట్టు నొప్పి అని పిల్లలు అంటుంటే ‘సాధన చేస్తే అదే పోతుంది’ అనకండి. కొన్నాళ్లు చేతుల మీద బరువు ఆపించండి. తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించండి.

మోకాలిది మరో కథ. గిరగిరా తిరిగి తన్నేటప్పుడు నేలమీద ఉన్న కాలి పాదం కూడా తిరగాలి. పాదం నేలకు అంటుకుపోయి ఒళ్లు మాత్రం తిరిగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. పట్టు ఎక్కువగా ఉండే రబ్బరు సోలు బూట్లతో, గరుకు నేల మీద ఇది మరీ ప్రమాదం. చాలా తరగతుల్లో ఒట్టి కాళ్లతో ఆడిస్తారు. అయితే మధుమేహం వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు ఒట్టి కాళ్లతో ఆడకూడదు. చిన్న గాయం కూడా తెలియకుండానే పుండుగా మారుతుంది.

తలకిందుల భంగిమలు అందరికీ కావు. గ్లకోమా, రెటీనా సమస్యలు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు వాటికి దూరంగా ఉండాలి. డిస్కు నొప్పి ఉన్నవాళ్లు వెన్ను వెనక్కి విరిచే వంతెన భంగిమ జోలికి వైద్యుడు చెప్పాకే వెళ్లాలి. ఇవి మానేస్తే కపోయిరా మిగలదేమో అన్న దిగులు అక్కర్లేదు. పల్టీ అన్నది లేకుండా, నేలకు దగ్గరగా, తీరిగ్గా, ఎదుటివాణ్ని ముప్పుతిప్పలు పెడుతూ ఆడే పెద్దవాళ్లు బహియాలో ఎప్పుడూ ఉన్నారు. ఆ ఆట ఎలా ఉంటుందో తెలియాలంటేనే ఇద్దరు మేస్త్రీల కథ చదవమనేది.

వైద్య విద్యార్థులకు నేర్పిన గురువు

బ్రెజిల్‌లోని బహియా రాష్ట్ర రాజధాని సాల్వడోర్. అక్కడ మెస్త్రి బింబా 1932లో బడి పెట్టారు. అప్పటికి కపోయిరా ఇంకా చట్టం దృష్టిలో నేరమే. అందుకే తన విద్యను బహియా ప్రాంతీయ పోరాట విద్య అనే పేరుతో నేర్పారు. 1937లో ఆ బడికి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. చేరేవాళ్లు ఏదైనా పనిలోనో చదువులోనో ఉండాలన్నది ఆయన నియమం. పొగ, మద్యం మానమని రాసి పెట్టేవారు. వీధి కుర్రాళ్ల విద్య అని చులకనగా చూసినదాన్ని మధ్యతరగతి ఇళ్ల గడప దాటించింది ఆ క్రమశిక్షణే. విశ్వవిద్యాలయాల విద్యార్థులు చేరారు, వైద్య విద్యార్థులు చేరారు. వాళ్లలో ఒకరైన ఏంజెలో డెకానియో వైద్యుడై, తర్వాత గురువు గురించి పుస్తకాలు రాశారు. అవి పోర్చుగీసులో ఉన్నాయి.

ఇంగ్లిషులో బింబాను దగ్గరగా చూపించేది ‘కపోయిరా: ఎ బ్రెజిలియన్ ఆర్ట్ ఫార్మ్’. రచయిత బిరా అల్మేడా, కపోయిరా లోకంలో మెస్త్రి అకార్డియాన్. బింబా దగ్గరే నేర్చుకుని అమెరికా వెళ్లి బర్క్‌లీలో స్థిరపడిన గురువు. శిష్యుడు రాసిన పుస్తకం కాబట్టి భక్తి పాలు ఎక్కువే. అయినా గురువు ఎలా నిలబడేవారు, ఎలా కసిరేవారు, జోడీగా సాధన చేసే వరుసలను ఎందుకు కూర్చారు అన్నవి అందులో ప్రాణంతో ఉంటాయి. ఆ రచయిత ఆరోగ్యం గురించి ఒక్కమాట: 2013లో, డెబ్బై ఏళ్ల వయసులో, శిష్యులతో కలిసి బర్క్‌లీ నుంచి బ్రెజిల్‌లోని సాల్వడోర్‌కు సైకిలు మీద బయల్దేరారు. నలభై దాటగానే ‘ఇక మనవల్ల ఏమవుతుందిలే’ అనుకునేవాళ్లకు ఆ పుస్తకం కంటే ఈ వార్తే ఎక్కువ పనిచేస్తుందేమో!

రెండో మేస్త్రి పస్తీన్యా. 1889లో పుట్టారు. చిన్నప్పుడు తనకంటే పెద్ద కుర్రాడి చేతిలో దెబ్బలు తింటుంటే, కిటికీలోంచి చూసిన బెనెడీటో అనే ఆఫ్రికా పెద్దాయన పిలిచి విద్య నేర్పారని స్వయంగా చెప్పుకొన్నారు. కపోయిరా అంగోలా అనే పాత పద్ధతికి ఆయన 1941లో సంస్థ నెలకొల్పారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. 1964లో, డెబ్బై అయిదేళ్లప్పుడు, ‘కపోయిరా అంగోలా’ పేరుతో పుస్తకం తెచ్చారు. 1966లో ఆఫ్రికాలోని డకార్‌లో జరిగిన నల్లజాతి కళల ఉత్సవానికి బ్రెజిల్ బృందంతో వెళ్లారు. తాతముత్తాతలు గొలుసులతో దాటిన సముద్రాన్ని ఆయన అతిథిగా దాటారు.

తర్వాతి కథ బాధాకరం. 1970ల మొదట్లో పెలోరీన్యో చౌకులోని ఆయన శిక్షణశాలను మరమ్మతుల పేరుతో ఖాళీ చేయించారు. తిరిగి ఇవ్వలేదు. చూపు పోయింది. పేదరికంలో, 1981లో కన్నుమూశారు. బింబా అయితే బహియాలో ఆదరణ లేదని 1973లో సొంత ఊరు వదిలి గొయానియా వెళ్లి, మరుసటి ఏడాదే అక్కడ పోయారు. ఇవాళ ప్రపంచమంతా ఫీజులు కట్టి నేర్చుకుంటున్న విద్యకు మూలపురుషులిద్దరి ముగింపూ ఇది. తరగతిలో గోడమీద వేలాడే వాళ్ల ఫొటోలకు మీరు నమస్కరించేటప్పుడు ఇది తెలిసి ఉండాలి. పస్తీన్యా జీవితంపై 1998లో పోర్చుగీసులో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. వృద్ధుడి ఆటలోని నిదానం ఎంత ప్రమాదకరమో చూడాలంటే ఆయన పాత దృశ్యాలు వెతకండి.

ఆ కథ నిజమేనా?

‘బానిసలు యజమానుల కళ్లు కప్పడానికి యుద్ధవిద్యను నృత్యంగా మార్చారు’... మొదటిరోజు తరగతిలో ఈ కథ మీకూ చెప్పి ఉంటారు. వినడానికి బాగుంటుంది, పిల్లలకు చెప్పడానికీ బాగుంటుంది. చరిత్రకారుడు మథియాస్ రోరిగ్ అసున్సావ్ 2005లో ఇంగ్లిషులో వెలువరించిన కపోయిరా చరిత్ర చదివాక మాత్రం అంత ధీమాగా చెప్పలేరు. పోలీసు పత్రాలు, ప్రయాణికుల రాతలు, పాత చిత్రాలు ముందుంచుకుని ఏ కథకు ఎంత ఆధారం ఉందో ఆయన తూచి చెబుతారు. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల రియో పోలీసు పత్రాల్లోనే కపోయిరా ఆడినందుకు పట్టుబడిన బానిసల వివరాలు ఉన్నాయి. డ్యాన్సు అనుకుని అధికారులు మోసపోయారంటే ఎలా నమ్మడం? 1835లో జర్మన్ చిత్రకారుడు రుగెండాస్ అచ్చువేసిన బొమ్మలో ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఊగుతుంటారు, పక్కన ఒకరు డప్పు వాయిస్తుంటారు, చుట్టూ జనం. ఆటా, పాటా, పోటీ అప్పటికే కలిసే ఉన్నాయి. దాచడానికి ఒకటి తొడిగిన ముసుగులా అనిపించదు.

ఈ పుస్తకం లావుగా, బరువుగా ఉంటుంది. కథలా సాగదు. ఆర్నెల్ల సాధన తర్వాత, సెలవుల్లో చదవండి. అంగోలాలోని ‘ఎంగోలో’ అనే ఆట నుంచి కపోయిరా వచ్చిందా అన్న చర్చపై ఆసక్తి ఉంటే డెష్ ఒబీ రాసిన ‘ఫైటింగ్ ఫర్ ఆనర్’ కూడా ఉంది. అవునంటారు ఆయన. అసున్సావ్ అంత సూటిగా ఒప్పుకోరు. రెండూ చదివితే చరిత్ర ఎలా వాదించుకుంటుందో తెలుస్తుంది. కాలేజీ పిల్లలున్న ఇంట్లో మంచి చర్చకు పనికొస్తుంది.

తలకిందులుగా ఉన్నా చూపు ఎదుటే

ఏడాది దాటినవాళ్లకు నా మట్టుకు అన్నిటికంటే నచ్చే పుస్తకం గ్రెగ్ డౌనీ రాసిన ‘లెర్నింగ్ కపోయిరా’. ఈయన మానవశాస్త్రవేత్త. సాల్వడోర్‌లో ఉండి, చెమటోడ్చి నేర్చుకుని, 2005లో ఈ పుస్తకం తెచ్చారు. ఆయన్ను వేధించిన ప్రశ్న ఒక్కటే: ఒక విద్య నేర్చుకుంటే మనిషి శరీరం, చూపు, వినికిడి ఎలా మారతాయి?

చేతులపై నిలబడటమే చూడండి. జిమ్నాస్టు చేతుల మధ్య నేలను చూస్తూ, శరీరాన్ని నిటారుగా బిగించి నిలబడతారు. కపోయిరా ఆటగాడు అలా నిలబడితే కడుపులో తల పోటు తప్పదు. చూపు ఎదుటివాడి మీదే ఉండాలి, నడుము వదులుగా, కాళ్లు ఎటైనా మళ్లేలా ఉండాలి. అంటే నిలకడకు కళ్లు చేసే సాయాన్ని వదులుకుని శరీరం వేరే దారి వెతుక్కోవాలి. మీ గురువు ‘నేలను చూడకు’ అని రోజూ ఎందుకు అరుస్తారో ఇక్కడ అర్థమవుతుంది. లూయిస్ రాసిన ‘రింగ్ ఆఫ్ లిబరేషన్’ 1992 నాటిది, సంగీతం, వంచన, వలయం లోపలి సంకేతాలపై లోతుగా వెళుతుంది. భాష విశ్వవిద్యాలయ భాష. నిద్రమాత్రలా పనిచేస్తుందని భయపడితే సంగీతం గురించి రాసిన భాగాలతో సరిపెట్టుకోండి.

పాటల సంగతికి వస్తే, వలయంలో వేగాన్ని నిర్ణయించేది ‘బెరింబావ్’. వంచిన కర్రకు తీగ కట్టి, కింద సొరకాయ బుర్ర బిగించిన ఒంటితీగ వాద్యం. ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకుంటారు, మన చెక్కభజనలోలాగే. పాటల్లో ఆటగాళ్లకు హెచ్చరికలు ఉంటాయి, ఎగతాళి ఉంటుంది, ఒక్కోసారి ‘ఇక చాలు’ అన్న సూచన ఉంటుంది. అర్థం తెలియనివాళ్లు అవి వినకుండానే ఆడుతూ దెబ్బ తింటారు. అందుకే నెస్టర్ పుస్తకంలో సంగీతం భాగం చదివి, తరగతిలో పాడే పాటలను తెలుగు లిపిలో ఓ నోటు పుస్తకంలో రాసుకోండి. ఒక్కో పాటకు అర్థం గురువును అడిగి పక్కనే రాయండి. పోర్చుగీసు ఉచ్చారణకు ఇంగ్లిషు అక్షరాల కంటే మన అక్షరాలే బాగా ఒదుగుతాయి.

నవల కావాలంటే జోర్జి అమాడు రాసిన ‘కెప్టెన్స్ ఆఫ్ ద శాండ్స్’. సాల్వడోర్ రేవులో పాడుబడ్డ గిడ్డంగిలో బతికే అనాథ పిల్లల కథ. వాళ్లకు కపోయిరా నేర్పేది పడవ నడిపే ఓ స్నేహితుడు. 1937లో అచ్చయిన ఏడాదే ఆ ఊళ్లోనే దాని ప్రతులను బహిరంగంగా తగలబెట్టారు. పిల్లల కథే అయినా పిల్లల పుస్తకం కాదు, లైంగిక హింస ఉంది. మీరు చదివి, పెద్దపిల్లలకైతే ఇవ్వండి. పదేళ్ల వాడికి నెస్టర్ పుస్తకంలోని బొమ్మలే చాలు.

అన్నీ కొనక్కర్లేదు. మొదటి ఏడాది నెస్టర్ ఒక్కటి ఇంట్లో ఉంటే సరిపోతుంది. మిగతావి తరగతిలో నలుగురు కలిసి తలా ఒకటి కొని మార్చుకోవచ్చు. చదివేటప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకుని, అర్థం కాని చోట గీత గీసి పుస్తకాన్ని తరగతికి పట్టుకెళ్లండి. ఆట అయ్యాక చెమట తుడుచుకుంటూ కూర్చున్నప్పుడు ఆ పేజీ గురువుకు చూపించండి.